ఫారం సి లో భర్త సంతకానికి చోటే లేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపరు మా ఇంటికి ఇరవై ఏళ్లుగా వస్తోంది కానీ ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పోయిన వారం జిల్లా పేజీలో ఒక మూలన వేసిన వార్త చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. తన భార్యకు అబార్షన్ చేశారని ఒకాయన చుట్టాలను వెంటేసుకొని నర్సింగ్ హోం మీదికి వెళ్లడం, అద్దాలు పగలడం, పోలీసులు వచ్చి సర్ది పంపడం, ఇదీ వార్త. జరిగింది జరిగినట్టు రాశారు, దాంతో నాకు పేచీ లేదు. చివర్లో మాత్రం మీ విలేకరి తన సొంత తెలివి కొంత కలిపాడు. "భర్త అనుమతి లేకుండా గర్భస్రావం చేయడం చట్టరీత్యా నేరం" అని ఒక ముక్క అంటించి వదిలేశాడు.

అలాంటి మాట మన అబార్షన్ చట్టంలో లేదు. 1971లో చట్టం చేసినప్పుడూ లేదు, 2021లో సవరించినప్పుడూ లేదు. మరి మీ విలేకరికి ఎక్కడ దొరికిందో నాకు తెలుసు. ఏ ఆసుపత్రికి వెళ్లినా కౌంటర్ దగ్గర ఇదే చెబుతారు, అతను విన్నదే రాశాడు. పేపర్లో వచ్చింది కాబట్టి ఇక మీదట కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లు మీ పేపరు చూపించి మరీ చెబుతారు. అందుకే ఇంత పొడవు ఉత్తరం. మొత్తం వేయడం కుదరకపోతే ఎక్కడైనా కత్తిరించుకోండి, సంతకం సంగతి మాత్రం కత్తిరించకండి.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో 32 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను, అందులో సగానికి పైగా లేబర్ రూంలోనే గడిచింది. అబార్షన్‌కు ఒప్పుదల రాయించుకునే ఫారం సి అనే కాగితం నా చేతుల మీదుగా ఎన్నిసార్లు వెళ్లిందో లెక్క లేదు. చాలా చిన్న కాగితం. ఫలానా వారి కూతురిని లేదా భార్యను, వయసు ఇంత, ఊరు ఇది, ఫలానా ఆసుపత్రిలో నా గర్భం తీసేయడానికి ఒప్పుకుంటున్నాను, తేదీ, సంతకం. అంతే. దాని కింద ఇంకో భాగం ఉంటుంది, అది గార్డియన్ కోసం. పద్దెనిమిది నిండని పిల్ల అయినా, మానసిక అనారోగ్యం ఉన్న మనిషి అయినా ఆ భాగం నింపాలి. భర్త అని, అత్తమామలని, తోబుట్టువులని ఒక్క గడి కూడా ఉండదు. మరి మా ఆసుపత్రుల్లో భర్త సంతకం ఎక్కడ పెట్టించేవాళ్లు అని అడుగుతారేమో, కాగితం అడుగున ఖాళీ చోట పెన్నుతో అడ్డంగా గీత గీసి, దాని కింద "భర్త సంతకం" అని మేమే రాసేవాళ్లం. నేను కూడా గీశాను ఆ గీత. ఏళ్ల తరబడి గీశాను, ఎవరు చెప్పారని ఎప్పుడూ అడగలేదు.

నాకు కళ్లు తెరిపించింది ఒక బీడీలు చుట్టే అమ్మాయి. ఏడెనిమిదేళ్ల కిందటి మాట. భర్త దుబాయ్‌లో, లేబర్ క్యాంపులో ఉంటాడు. సెలవు మీద వచ్చి రెండు నెలలు ఉండి వెళ్లాడు, ఆమెకు నెల తప్పింది. ఇద్దరు పిల్లలున్నారు, చిన్నవాడికి గుండెలో రంధ్రం ఉందని హైదరాబాద్ చుట్టూ తిరుగుతున్నారు, అప్పు. కాపర్ టీ ఉండగానే వచ్చిన గర్భం. ఆమె వచ్చేనాటికి ఏడో వారం నడుస్తోంది, అంటే మాత్రలతో రెండు మూడు రోజుల్లో అయిపోయే పని. డాక్టరమ్మ చూసింది, సరే అంది, భర్త సంతకం తెమ్మంది.

ఆ పిల్ల నా టేబుల్ ముందు నిలబడి వాట్సాప్‌లో వీడియో కాల్ కలిపింది. "సిస్టరమ్మా, ఆయన ఫోన్ల ఉన్నడు, మీరే అడుగున్రి" అని ఫోను నా చేతికిచ్చింది. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్న మనిషి, వెనక ఎండ, "మేడం, నాకు ఇష్టమే, నేనే పొమ్మన్న" అని రెండుసార్లు చెప్పాడు. నేను వెళ్లి డాక్టరమ్మకు చెప్పాను. ఫోన్లో చెబితే రికార్డులో ఉండదు కదా, కాగితం మీద ఉండాలి అందావిడ. సరే, దుబాయ్ నుంచి ఊరికి వచ్చేవాడెవడో ఉన్నాడు, వాడి చేత ఉత్తరం రాసి పంపిస్తానన్నాడు భర్త. వాడి సెలవు వెనక్కి జరిగింది. మళ్లీ ఇంకోడు. ఇట్లా నాలుగు వారాలు పోయాయి. పదకొండో వారంలో ఆమె మరిదిని వెంటబెట్టుకొని వచ్చింది. ఆ కుర్రాడికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. పెన్ను తీసుకొని నేను గీసిన గీత మీద తన అన్న పేరుతో సంతకం పెట్టాడు, తడుముకోకుండా. అది దొంగ సంతకమని నాకు తెలుసు, డాక్టరమ్మకు తెలుసు, పక్కన కూర్చున్న క్లర్కుకూ తెలుసు. ముగ్గురికీ హాయిగా ఊపిరి ఆడింది. అప్పటికి మాత్రల దశ దాటిపోయింది కాబట్టి మత్తు ఇచ్చి, గొట్టంతో లాగి తీసే సక్షన్ చేశారు. ఆమె తన సొంత సంతకం పెట్టేటప్పుడు చూశాను, బీడీ ఆకు కత్తిరించీ కత్తిరించీ బొటనవేలు కాయకాచి ఉంది, పేరులోని ఐదు అక్షరాలు కూడబలుక్కొని ఒక్కొక్కటిగా రాసింది. చట్టానికి కావాల్సింది ఆ ఐదు అక్షరాలే, అవి నెల కిందటే ఆమె దగ్గర ఉన్నాయి.

చట్టం ఏమంటుందో నాకు తెలిసినంత వరకు చెబుతాను, నేను వకీలును కాను. అబార్షన్ మన దేశంలో మొదటి నుంచీ నేరమే. 1860 నాటి శిక్షాస్మృతిలో 312 సెక్షన్, ఇప్పుడు 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 88. కడుపు తీసిన వాళ్లతో పాటు తీయించుకున్న ఆడమనిషికి కూడా శిక్ష పడేలా రాసిన సెక్షన్ అది. దాని మీద 1971 చట్టం ఒక గొడుగు పట్టింది, షరతులు పాటించి చేసిన రిజిస్టర్డ్ డాక్టరుకు ఆ నేరం అంటదు అంది. ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. ఇరవై నుంచి ఇరవై నాలుగు దాకా ఇద్దరు డాక్టర్లు, అది కూడా కొందరికే: అత్యాచారానికి గురైనవాళ్లు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయిన లేదా విడాకులైన వాళ్లు, తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్లు, బిడ్డకు పెద్ద లోపం ఉందని తేలినవాళ్లు, ఇలా. ఆ పైన బిడ్డకు తీవ్రమైన లోపాలుంటే మెడికల్ బోర్డు తేల్చాలి. తల్లి ప్రాణం మీదికి వస్తే వారాల లెక్క లేదు, ఒక్క డాక్టరు నిర్ణయం చాలు. నిజం చెప్పాలంటే ఈ చట్టం నిర్ణయాన్ని పూర్తిగా ఆడదాని చేతిలో పెట్టలేదు, డాక్టరు చేతిలో పెట్టింది, నాకు అందులో అసంతృప్తి ఉంది. కానీ భర్త చేతిలో మాత్రం ఎక్కడా పెట్టలేదు.

ఇది నేను సాగదీసి చెబుతున్న మాట కాదు. ఒక భర్త, నా అనుమతి లేకుండా నా భార్య అబార్షన్ చేయించుకుందని ఆమె మీద, ఆమె పుట్టింటివాళ్ల మీద, చేసిన డాక్టర్ల మీద నష్టపరిహారం కేసు వేశాడు. పంజాబ్, హర్యానా హైకోర్టు 2011లో ఆ కేసు నిలవదని తేల్చింది, ఆయన సుప్రీంకోర్టుకు వెళ్తే 2017లో అక్కడా కొట్టేశారు. తర్వాత 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్ బెంచి ఒక పెళ్లికాని అమ్మాయి కేసులో తీర్పు ఇస్తూ, ఇరవై నాలుగు వారాల వెసులుబాటు పెళ్లైనవాళ్లకే కాదు కానివాళ్లకూ వర్తిస్తుందని చెప్పింది. చాలామంది ఆ ఒక్క ముక్కే గుర్తుపెట్టుకున్నారు. అదే తీర్పులో డాక్టర్లకు ఇంకో చురక ఉంది. చట్టం అడగని షరతులు, అంటే ఇంట్లోవాళ్ల ఒప్పుదల, అదనపు కాగితాలు, కోర్టు ఆర్డరు, ఇవన్నీ పెట్టి ఆడవాళ్లను తిప్పకండి అని. ఒక్క చిక్కు మాత్రం దాచకుండా చెప్పాలి. విడాకుల కేసుల్లో, భార్య వైద్య కారణం లేకుండా, భర్తకు తెలియకుండా అబార్షన్ చేయించుకోవడాన్ని మానసిక క్రూరత్వంగా చూడవచ్చని 2007లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో అంది. అది మొగుడూ పెళ్లాల మధ్య ఫ్యామిలీ కోర్టులో తేలాల్సిన వ్యవహారం. దాన్ని తెచ్చి లేబర్ రూం గుమ్మంలో కాపలా పెట్టడం ఏం న్యాయం?

నా మేనకోడలు డల్లాస్‌లో ఉంటుంది. 2022లో అమెరికా సుప్రీంకోర్టు అబార్షన్ హక్కు ఇచ్చిన పాత తీర్పును కొట్టేశాక వాళ్లుండే టెక్సాస్ రాష్ట్రంలో దాదాపు పూర్తిగా నిషేధించారట, కావాలంటే రాష్ట్రం దాటి పోవాల్సిందే. "అత్తా, ఈ విషయంలో మన దేశమే నయం" అంటుంది. నయమే, పుస్తకంలో.

డాక్టర్ల భయం నాకు అర్థం కాదని కాదు. మీరు రాసిన వార్తలోనే ఉంది కదా, అద్దాలు పగిలాయి. సంతకం ఉంటే రేపు గొడవైనప్పుడు "ఇదిగో నీ సంతకం" అని చూపించొచ్చు, అదొక తాయెత్తు. ఆసుపత్రుల మీద దాడి చేస్తే శిక్షించేందుకు ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే చట్టం తెచ్చారు, దాన్ని గట్టిగా వాడే నాథుడు లేడు కాబట్టి డాక్టరు తన భద్రత బరువు తెచ్చి పేషెంటు నెత్తిన పెడుతున్నాడు. ఆ బరువు ఆమె ఎక్కడికి మోసుకుపోతుందో చూద్దాం.

మెడికల్ షాపుకి. లేదా ఆర్‌ఎంపీ దగ్గరికి. ఇక్కడ ఒక తమాషా ఉంది. చట్టంలో ఆర్‌ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే గుర్తింపు పొందిన డిగ్రీ, స్త్రీల వైద్యంలో శిక్షణ ఉన్న డాక్టరు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే ఎవరో మీకు తెలుసు, మోటర్‌సైకిల్ మీద బ్యాగు వేలాడేసుకొని వచ్చి సెలైన్ ఎక్కించేవాడు. అక్షరాలు అవే మూడు. "ఆర్‌ఎంపీ చేయొచ్చని చట్టంలోనే ఉందమ్మా" అని నాతో వాదించినవాడు ఒకడున్నాడు, వాడు చదివింది పదో తరగతి.

2015లో దేశమంతటా కోటిన్నరకు పైగా అబార్షన్లు జరిగాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అందులో నూటికి డెబ్బై మూడు ఆసుపత్రి మొహం చూడకుండా మాత్రలతో అయినవి. దీన్ని చూసి అయ్యో అనాల్సిన పని పూర్తిగా లేదు. మాత్రలు మంచివే, నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఉన్న పరిస్థితి మీ విలేకరి చూసి ఉండడు. మంత్రసాని దగ్గర పుల్ల పెట్టించుకొని మూడో రోజు జ్వరంతో వచ్చేవాళ్లు, సెప్టిక్ వార్డు తలుపు తీయకముందే వాసన తెలిసేది, ఇరవై రెండేళ్ల అమ్మాయికి గర్భసంచి తీసేసిన సందర్భాలున్నాయి, తీసినా బతకనివాళ్లున్నారు. ప్రభుత్వం వేసిన శాంతిలాల్ షా కమిటీ 1960లలో కూర్చుని ఈ చట్టం కావాలని రాసిందే ఇలాంటి చావులు చూసి. మాత్రలు వచ్చాక ఆ వార్డు వాసన పోయింది. కాబట్టి మాత్ర మీద నాకు కోపం లేదు.

కోపం ఎక్కడంటే, ఎలా వేసుకోవాలో ఎవరూ చెప్పకపోవడం దగ్గర. ఆ కిట్‌లో ఐదు మాత్రలుంటాయి. మొదటిది గర్భాన్ని నిలబెట్టే హార్మోన్ పని ఆపుతుంది, ఒకటి రెండు రోజులయ్యాక మిగతా నాలుగు వేస్తే గర్భసంచి ముడుచుకొని లోపలిది బయటికి పడుతుంది. మన దగ్గర తొమ్మిది వారాల దాకానే అనుమతి. షాపువాడు ఐదూ ఒకేసారి మింగమన్న కేసులు చూశాను. నాలుగో నెలలో ఇచ్చిన కేసులు చూశాను. అన్నిటికంటే ప్రమాదం ఇంకోటుంది, గర్భం సంచిలో కాకుండా ట్యూబులో నిలిస్తే ఈ మాత్రలు దాన్ని ఏమీ చేయలేవు. కొంచెం రక్తం కనబడగానే పోయిందనుకుంటారు, లోపల ట్యూబు పగిలి పొట్టంతా రక్తం నిండుతుంది. అలా తెల్లగా పాలిపోయి ఆటోలో వచ్చిన మనిషిని గుర్తుపట్టడం మాకు ఒక్క చూపు పని, కానీ రక్తం దొరికేసరికి ఒక్కోసారి ఆలస్యమయ్యేది. ముందే ఒక స్కానింగ్, హిమోగ్లోబిన్ పరీక్ష, బ్లడ్ గ్రూప్ చూసుకుంటే చాలా మటుకు ఈ గండం తప్పుతుంది. మాత్రలు వేసుకున్నాక గంటకు రెండు ప్యాడ్లు తడిసిపోయేట్టు వరసగా రెండు గంటలు రక్తం పోతే, లేదా జ్వరం తగ్గకపోతే, కళ్లు తిరిగితే, ఎవరు ఏమనుకుంటారో అని చూడకుండా ఆసుపత్రికి రావాలి. ఈ నాలుగు ముక్కలు మీ హెల్త్ పేజీలో ఒకసారి వేయండి, బొప్పాయి గింజల ఉపయోగాల పక్కనైనా సరే.

ఇప్పుడు కొన్ని ఊళ్లలో మెడికల్ షాపువాళ్లు కిట్ అడిగితే లేదంటున్నారు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తాడని, భ్రూణహత్యల కేసు పెడతారని భయం. తెలిసినవాళ్లకైతే కౌంటర్ కింద నుంచి తీసి రెండింతలు మూడింతలకు అమ్ముతారు, బిల్లు ఉండదు, చీటీ అడగరు. రెండు వేర్వేరు చట్టాలను కలిపి కలగాపులగం చేసిన ఫలితం ఇది. ఆడపిల్లని తెలుసుకొని కడుపు తీయించడాన్ని ఆపడానికి 1994 చట్టం ఉంది, ఉండాల్సిందే. మన ఉమ్మడి రాష్ట్రంలో ఆరేళ్ల లోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు 2001లో 961 మంది ఆడపిల్లలుంటే పదేళ్లలో అది దాదాపు 940కి పడిపోయింది, తమాషా విషయం కాదు. కానీ తొమ్మిది వారాలకు స్కానింగ్‌లో ఆడో మగో తెలియదండీ. ఆ కిట్ తొమ్మిది వారాల లోపుది. ఆ కిట్ దొరక్కుండా చేసి ఏ ఆడపిల్లను కాపాడుతున్నట్టు? పట్టుకోవాల్సింది స్కానింగ్ గదిలో నోటితో చెప్పకుండా సైగ చేసేవాడిని.

ఆడపిల్ల అని తెలుసుకొని వచ్చినవాళ్లు ఎలా ఉంటారో చెబుతాను, ఎందుకంటే ఇది కూడా సంతకం కథే. ఐదో నెల దాటుతుండగా వస్తారు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలుంటారు. కారణం చక్కగా బట్టీ పట్టించి పంపిస్తారు, "తల తిరుగుతుంది, తిండి పోతలేదు". ఆమె ఒక్కతే రాదు. భర్త వస్తాడు, అత్త వస్తుంది, ఒక్కోసారి ఆడబిడ్డ కూడా. సంతకం అనగానే భర్త పెన్ను జేబులోంచి తీస్తాడు. మామూలుగా ఒక్క సంతకం కోసం నెల రోజులు ఆగాల్సిన చోట ఇక్కడ నాలుగు సంతకాలు క్షణంలో రెడీ. ఇన్నేళ్లలో ఈ కేసుల్లో ఒక్కదానికి కూడా భర్త సంతకం దొరకలేదని ఆగిపోవడం నేను చూడలేదు. నోరెత్తనిది ఆమె ఒక్కతే. నేను "బీపీ చూడాలి, అందరూ బయటికి నడవండి" అని అత్తను కూడా పంపేసి తలుపు వేసి, "నీకు ఇష్టమేనా?" అని అడిగేదాన్ని. బీపీ ఎప్పుడో చూసేసి ఉండేది. కొందరు తల దించుకొని ఏడ్చేవాళ్లు, ఇద్దరు ముగ్గురు "వద్దు సిస్టరమ్మా" అన్నారు, అప్పుడు డాక్టరమ్మే బయటికి వెళ్లి, రక్తం తక్కువుంది, చేస్తే ప్రాణానికే ప్రమాదం అని చెప్పి పంపించేసింది. ఇక్కడ మాత్రం ఆవిడకు దండం పెట్టాలి.

నన్ను మా పాస్టరు గారు ఒకసారి అడిగారు, అది ప్రాణం కాదా అమ్మా, నీ మనస్సాక్షి ఏమీ అనదా అని. నేను ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషిని. అంటుంది అని చెప్పాను. ఆరేడు వారాలప్పుడు ఏమీ అనదు. పదహారు, పద్దెనిమిది వారాలప్పుడు, డ్రిప్ పెట్టి నొప్పులు తెప్పించి, ట్రేలో గుడ్డ చుట్టి పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడు, అంటుంది. ఆ రోజు చేతులు కడుక్కుంటూ నల్లా కింద ఎక్కువసేపు నిలబడేదాన్ని, ఇంటికి వచ్చాక అన్నం సరిగ్గా దిగేది కాదు. అయినా పాస్టరు గారితో ఇంకో మాట కూడా అన్నాను, ఆ పద్దెనిమిదో వారం దాకా లాగింది ఎవరు? పిండం పెరగడం ఆగదు కదా మేము సంతకాలు వెతుకుతున్నామని. నాకు బాధ కలిగించిన వాటిలో సగం, నెల తప్పగానే వచ్చి వెనక్కి వెళ్లిన వాళ్లవే.

2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు మీకు గుర్తుండే ఉంటుంది. ఇద్దరు పిల్లల తల్లి, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌కు మందులు వాడుతోంది, పాలిచ్చే రోజుల్లో చాలామందికి నెలసరి రాదు కాబట్టి మళ్లీ గర్భం వచ్చిందని ఆమెకు తెలియనేలేదు. తెలిసేసరికి ఇరవై నాలుగు వారాలు దాటిపోయాయి. ఇద్దరు జడ్జీలు మొదట సరే అన్నారు, ఎయిమ్స్ డాక్టరు బిడ్డ బతికే అవకాశం ఉంది, ఇప్పుడేం చేయమంటారని రాశాక ఇద్దరి మధ్య అభిప్రాయం చీలింది, చివరికి ముగ్గురు జడ్జీలు వద్దన్నారు. చదువుకున్నవాళ్లు చాలామంది ఆమె మాటలు నమ్మలేదు, ఆరో నెల దాకా తెలియకపోవడమేంటి అని. లేబర్ రూంలో పని చేసినవాళ్లెవరూ అలా అనరు. ఏడో నెలలో గ్యాస్ నొప్పి అని వచ్చిన బాలింతను నేనే చూశాను. ఆ తీర్పు తప్పా ఒప్పా అంటే, నేను ఎటూ తేల్చుకోలేకపోయాను, బయటికి వచ్చి ఏడ్చే బిడ్డ ఒకవైపు, ఆ తల్లి ఒకవైపు. కొన్నిటికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఏడో వారంలో వచ్చిన బీడీల అమ్మాయి విషయంలో జవాబు వెతుక్కోవాల్సిన అవసరమే లేదు.

మైనర్ పిల్లల సంగతి రాయాలంటే ఇంకో ఉత్తరం అవుతుంది. పదహారు, పదిహేడేళ్ల పిల్ల వస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే మాకు కేసు. ఆ మాట చెవిన పడగానే తల్లి పిల్ల చెయ్యి పట్టుకొని లేచిపోతుంది, ఆ తర్వాత వాళ్లు ఎక్కడ తేలతారో దేవుడికి తెలియాలి. ఆ పిల్ల, తల్లి అడిగితే రిపోర్టులో పేరు, వివరాలు ఇవ్వనక్కర్లేదని 2022 తీర్పు చెప్పింది. ఇది ఎంతమంది డాక్టర్లకు తెలుసో, ఎంతమంది ఎస్సైలు ఒప్పుకుంటారో నాకైతే అనుమానమే.

గుట్టు అంటే గుర్తొచ్చింది. నిబంధనల ప్రకారం ఆ ఫారం సి ని, డాక్టరు అభిప్రాయాన్ని కలిపి కవరులో పెట్టి సీలు వేసి, పైన రహస్యం అని రాయాలి. రిజిస్టరులో ఆమెకు ఒక నంబరు ఉంటుంది, మిగతా కాగితాల్లో ఆ నంబరే వాడాలి, పేరు బయటపెడితే ఏడాది దాకా జైలు ఉంది. మేము చక్కగా లక్క కరిగించి సీలు వేసేవాళ్లం. వేసి, కవరు బీరువాలో పెడుతుండగానే వరండాలోంచి వార్డుబాయ్ కేక వినబడేది, "అబార్షన్ పేషెంట్ తాలూకు ఎవరమ్మా, రక్తం చీటీ తీస్కోండి" అని. బెంచీల మీద వాళ్లంతా ఒక్కసారి తల తిప్పి చూసేవాళ్లు.

అందుకని నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఆ వార్త పడిన జిల్లా పేజీలోనే, అదే చోట, ఆ వాక్యం తప్పని ఒక సవరణ వేయండి. సవరణ ఎవరూ చదవరంటారా, అయితే ఫారం సి ఖాళీ కాగితం ఫొటో తీసి కూడా వేయండి, అదైతే చూస్తారు. నా దగ్గర పాత జిరాక్స్ ఒకటుంది, మీ విలేకరిని పంపిస్తే ఇస్తాను, టీ కూడా ఇస్తాను, అతని మీద నాకు కోపం లేదు. దాని అడుగున ఎవరో పెన్నుతో గీసిన గీత ఒకటి కనబడుతుంది, అది ఫారంలో భాగం కాదు, దాన్ని చెరిపేసి అచ్చు వేయమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, జగిత్యాల జిల్లా
(పేరు, ఫోన్ నంబరు విడిగా పంపుతున్నాను, దయచేసి అచ్చు వేయవద్దు.)